రేడియోగారి హెలికాప్టర్ తోక

మార్చి 3

మా రేడియోకి,

బావ రాస్తున్నాను. నేను, మీ అక్క బాగున్నాం. నీ గొంతుకి వేసిన కుట్లు విప్పారని తెలిసింది. ఎలా వేశారో చూడాలని ఉంది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టినవాణ్ణి కదా.

ఫోను చెయ్యలేదని అనుకోకు. ఫోనులో నువ్వు మాట్లాడలేవు, నేను మాట్లాడను. ఇద్దరం చెరోవైపు చెవికి పెట్టుకుని కూర్చుంటే మీ అక్క నవ్వుతుంది. అందుకని ఉత్తరం.

ఒక తప్పు చేశాను. చెప్పేస్తాను.

నీ రిమోటు బొమ్మ హెలికాప్టర్ సైకిల్ షాపాయనకి ఇచ్చేస్తున్నానని రాశావు. ఏప్రిల్ పదిన వచ్చి పట్టుకుపోతాడని, ముక్కలుగా విప్పి దేనికి కావలసింది దానికి వాడుకుంటాడని రాశావు. ఇచ్చేముందు దుమ్ము తుడుద్దామని ఇంటి వెనక నీ గదిలోకి వెళ్ళి పెట్టె తీశాను. నాలుగు నెలలైంది కదా మూసి. తుడిచాను. తుడిచాక ఊరుకోలేకపోయాను.

జైరో అని నువ్వు చెప్పే అగ్గిపెట్టెంత డబ్బీ ఉంది చూడు, దాని కింద జిగురు ఎండిపోయింది. వైరు పట్టుకుని వేళ్ళాడుతోంది. నా దగ్గర రెండువైపులా అంటుకునే పట్టీ ఉంది, కాలర్లకి వాడేది. దాన్ని కత్తిరించి డబ్బీని శుభ్రంగా అంటించాను. తర్వాత బ్యాటరీ పెట్టాను.

తోక పట్టుకుని మెల్లిగా పక్కకి తిప్పాను. చివర ఉన్న బుల్లి రెక్కలు వాటంతట అవే మెడ తిప్పాయి. ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. మీ అక్కను కేకేశాను. నేనెప్పుడూ కేకెయ్యను కదా, ఏమైందోనని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఇచ్చేముందు ఒక్కసారి లేపనా. రెండు వేసవులు నువ్వే నేర్పావు, కింద కర్రలు అడ్డంగా కట్టి, మోకాలెత్తు దాకా. చేతులకి గుర్తుంది.

నువ్విక ఇంటికి రానని, ఆ ఆస్పత్రి దగ్గరే ఉండిపోతానని కూడా రాశావు. అది నీ ఇష్టం.

కాగితం ఇంకా మిగిలింది. మాటలు అయిపోయాయి.

బావ

*

మార్చి 8

మౌనముని బావగారికి,

నోరు పోయినవాడు నోరున్నవాడికంటే ఎక్కువ వాగుతాడని ఈ ఉత్తరం చూస్తే తెలుస్తుంది. నా మెడలో పలక కట్టారు. ఏం కావాలన్నా దానిమీద రాయాలి. నేను సగం రాసేసరికి నర్సమ్మ వెళ్ళిపోతుంది. మంచినీళ్ళని మొదలుపెట్టి చివరికి మం దగ్గర ఆగిపోయి, మంచం దులిపించుకున్నాను. రేడియో అని నాకు పేరు పెట్టింది నువ్వే. ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ రేడియోలన్నీ బాగుచేశాను, సొంత స్పీకరు పోయింది. గొంతు వస్తే రావచ్చు, రాకపోతే లేదు అంటున్నాడు డాక్టరు. దీనికి అంత చదువెందుకో.

అందుకే రానంటున్నాను బావా. మన వీధిలో అందరికీ తెలిసింది నా నోరే. పాలాయన దగ్గర్నుంచి అందరూ ఏం రేడియోగారూ అంటారు, నేను పలక తీసి బలపం వెతుక్కోవాలి. ఇక్కడ ఆస్పత్రివాళ్ళ మేడమీద గదిలో నాతో కలిపి ఇలాంటివాళ్ళం ఆరుగురం. ఎవరూ ఎవర్నీ పలకరించరు. హాయి.

పెట్టె తీసినందుకు తిట్టాలి. తిట్టను. రెక్కలు మెడ తిప్పాయని రాసిన చోట ఉత్తరం పక్కన పెట్టి గదంతా రెండుసార్లు నడిచాను.

సరే, పందెం. దాన్ని గాల్లో నిలబెట్టు. పూర్తిగా ఒక నిమిషం, ముక్కు ఒకవైపే ఉండాలి. నిలబెడితే సైకిల్ షాపాయనకి వద్దని రాసేస్తాను, నేనే వచ్చి ఎగరేస్తాను. నిలవకపోతే అది ఆయనది, మేడమీద గది నాది.

ఇప్పుడు విను. పెద్ద రెక్క ఒకవైపు తిరుగుతుంటే ఒళ్ళు రెండోవైపు తిరగాలని చూస్తుంది. తిరగనివ్వకుండా ఆపేది తోకలోని బుల్లి రెక్కలు. వాటిని కాపలా కాసేది జైరో. ముక్కు వెంట్రుకవాసి కదిలినా పసిగట్టి సర్వోకి చెబుతుంది. సర్వో అంటే ఆ చిన్న మోటారు. దానికి ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి కడ్డీని లాగుతుంది, కడ్డీ రెక్కల వంపు మారుస్తుంది. ముక్కు ఎడమకి పోతుంటే కుడికి లాగాలి. అంతే దాని ఉద్యోగం.

ముందు పెద్ద మోటారు వైర్లు ఊడదియ్యి. వేళ్ళు దర్జీవాడికి కూడా పదే. రిమోటు ముందు వెయ్యి, బ్యాటరీ తర్వాత. వేశాక అయిదు నిమిషాలు దాన్ని తాకకు, జైరో తన స్థిమితం చూసుకుంటుంది. రిమోటుమీది కర్ర మధ్యలో ఉన్నప్పుడు సర్వో చెయ్యి కడ్డీకి సరిగ్గా అడ్డంగా ఉండాలి, నీ ఎల్ స్కేలు పెడితే ఇటూ అటూ ఖాళీ కనబడకూడదు. జైరో పక్కన పంటిపుల్లతో జరిపేంత స్విచ్ ఉంది, అది దిక్కు స్విచ్, జైరో లాగే వైపుని తిరగేస్తుంది. దాని జోలికి వెళ్ళకు. నేనే చూసి పెట్టాను, అది సరిగ్గా ఉంది. చచ్చినా తాకకు.

రెండు ముక్కల్లో రాస్తే ఒప్పుకోను. అంతా రాయాలి.

ఎదురుచూస్తూ, పలక మెడలో వేసుకున్న నీ బావమరిది

*

మార్చి 13

రేడియోకి,

అంతా రాయమన్నావు. రాస్తాను. చెయ్యి నొప్పెడితే నీదే పాపం.

నీ మంచం గోడకి నిలబెట్టాను. నీ సామాను మూలకి సర్దాను. చోటు కావలసి వచ్చింది.

వైర్లు ఊడదీశాను. అయిదు నిమిషాలు తాకలేదు. మీ అక్క చూస్తానని వచ్చి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఊపిరి పీల్చవచ్చు అని చెప్పాను.

సర్వో చెయ్యి వంకరగా ఉంది. ఎల్ స్కేలు పెట్టాను. ఒక మినపగింజ ఖాళీ. మర విప్పి చెయ్యి ఊడదీశాను. లోపల పళ్ళున్నాయి. ఒక పన్ను జరిపితే ఇటు ఎక్కువ. వెనక్కి జరిపితే అటు తక్కువ. మధ్యది లేదు. చాలాసేపు ఆలోచించాను. చంకలో గుడ్డ లాగుతుంటే చంక విప్పక్కర్లేదు, పక్క కుట్టు విప్పితే చాలు. అలాగే చేశాను. చెయ్యి దగ్గరి పంటిమీద పెట్టి, కడ్డీ చివర మరని రెండు చుట్లు తిప్పాను. స్కేలు అతుక్కుపోయింది. చాలా బాగుంది. నాలుగుసార్లు చూసుకున్నాను. మీ అక్కకి కూడా చూపించాను. కోటు కుడితే ఎవరికీ చూపించలేదు ఎప్పుడూ.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గోడ వెనక మైదానానికి తీసుకుపోయాం. కర్రలు కట్టాను. మోటారు వైర్లు తగిలించాను. పది అడుగులు వెనక్కి వచ్చి లేపాను.

అంగుళం లేచింది. వెంటనే బొంగరంలా తిరిగింది. రెండు చుట్లు తిరిగి కూలబడింది. గడ్డి గుండ్రంగా కోసినట్టు అయింది. మీ అక్క గట్టిగా నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆపింది. తోక రెక్క ఒకటి బీట పడింది. నీ పెట్టెలో వేరేది ఉంటే వేశాను.

స్విచ్ తాకలేదు.

లేచింది మాత్రం నిజం. అంగుళం.

బావ

*

మార్చి 18

బొంగరాల బావగారికి,

మంచం నిలబెట్టారని చదివాను. మంచిదే. నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న గది. ఎవరైనా అద్దెకి అడిగారేమో, ఇవ్వండి. నన్ను అడగక్కర్లేదు. నేను రానని రాసింది నేనే కదా. ఆ సంగతి అక్కడ వదిలేద్దాం.

కడ్డీ మర తిప్పడం ఎవరు చెప్పారయ్యా నీకు. అది నేను రాయడం మరిచాను. రాసినట్టే చేశావు. చంకా పక్క కుట్టూ అని చదివి, ఎదురు మంచంమీద ఉన్న పెద్దాయనకి కూడా చూపించాను. ఆయన బస్సు డ్రైవరు. గొంతు ఆయనకీ లేదు. పలకమీద రాశాడు: మీ బావగారు మెకానిక్కా? కాదు, దర్జీ అని రాశాను. తుడిచి మళ్ళీ రాశాడు: అయితే సరే. ఏమిటి సరే నాకూ తెలీదు. ఇప్పుడు రోజూ ఉత్తరం వచ్చిందా అని కనుబొమలతో అడుగుతాడు.

బొంగరంలా తిరిగిందంటే కాపలావాడు నిద్రపోతున్నాడు. జైరోకి జోరు తక్కువైనట్టుంది. రిమోటులో కుడివైపు పైన గుండ్రటి మర ఉంది, మీద గీతలున్నాయి. ఇప్పుడు అయిదో గీత దగ్గర ఉంటుంది. ఎనిమిదికి పెంచు. జోరు పెరిగితే గట్టిగా పట్టుకుంటుంది.

ఇంకొకటి. జైరోమీద చిన్న దీపం ఉంటుంది. అది ఆకుపచ్చగా వెలగాలి. ఎర్రగా ఉంటే ఒక అర్థం, మినుకుమంటే ఒక అర్థం. ఏ రంగో చూసి రాయి. దాన్నిబట్టి చెబుతాను.

అంగుళం లేచినందుకు శభాష్. నా మొదటిసారి అది లేవనే లేదు, అక్కకి చెప్పకు.

నీ బావమరిది, బస్సు డ్రైవరుగారి నమస్కారాలతో

*

మార్చి 23

రేడియోకి,

డ్రైవరుగారికి నా నమస్కారం.

జోరు ఎనిమిదికి పెంచాను. ఇంకా గట్టిగా తిరిగింది. ఈసారి ఎన్ని చుట్లో లెక్క తెలియలేదు. కర్ర ఒకటి ఊడి దూరంగా పడింది.

మరుసటి రోజు ఆరుకి తగ్గించాను. మళ్ళీ తిరిగింది, కాస్త నిదానంగా. జోరు ఎంత పెంచితే అంత జోరుగా తిరుగుతోంది. పట్టుకుంటుందన్నావు. పట్టుకోవడం లేదు, తోస్తోంది.

దీపం ఎక్కడా లేదు. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఆకుపచ్చ లేదు, ఎరుపు లేదు. మీ అక్క కూడా చూసింది.

గది ఎవరికీ ఇవ్వడం లేదు.

నాకు భయంగా లేదు. చిత్రంగా ఉంది. రోజూ లేవగానే అదే గుర్తొస్తోంది. పెళ్ళి కోటు గడువు దగ్గరపడినట్టు ఉంది.

బావ

*

మార్చి 27

బావా,

దీపం లేదంటే జైరో పోయిందని అర్థం. దీపం లేని జైరో ఉండదు. నాలుగు నెలలు పెట్టెలో పడి ఉంది, లోపల ఏదో కాలిపోయి ఉంటుంది. అలాంటిది ఇప్పుడు దొరకదు, అది తయారుచేసేవాళ్ళు మానేసి చాలాకాలమైంది.

నువ్వు చెయ్యగలిగినంత చేశావు. దర్జీ పనికి మించి చేశావు. ఇక రెక్కలు విరగ్గొట్టుకోకు, సైకిల్ షాపాయనకైనా పనికొస్తాయి. పదో తారీఖు దాకా ఎందుకు, ఏడునే వచ్చి పట్టుకుపొమ్మని ఆయనకి రాసేశాను.

గది ఎవరికీ ఇవ్వడం లేదన్నావు. నా మొహం చూసి అంటున్నావు. ఇచ్చుకోండి.

మేడమీద గదిలో ఎప్పటికీ ఉండిపోయేందుకు కాగితాలు ఇచ్చారు. ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే వారం పెడతాను. డ్రైవరుగారికి జైరో పోయిందని పలకమీద రాసి చూపించాను. ఆయన చాలాసేపు నా పలక చూసి, తన తువ్వాలు ఇచ్చాడు. నేను ఏడవడం లేదు బావా, ఆయనే అనుకున్నాడు.

రేడియో

*

ఏప్రిల్ 1

రేడియోకి,

సంతకం పెట్టకు. జైరో పోలేదు. తప్పు నాది. మొదటినుంచి చెబుతాను, నిదానంగా చదువు.

నీ ఉత్తరం చదివి కూర్చున్నాను. పోయింది పోయింది అంటున్నావు. పోయినదానికి కదలిక ఉండదు కదా. నేను తోక తిప్పినప్పుడల్లా బుల్లి రెక్కలు కదులుతున్నాయి. పోయినవాడికి నాడి ఆడదు. ఇదే మీ అక్కతో అన్నాను. అయితే ఏం చేద్దాం అంది. పద అన్నాను.

మోటారు వైర్లు ఊడదీసి, హెలికాప్టర్ మీ అక్క రెండు చేతులకీ ఇచ్చాను. గది మధ్యలో నిలబెట్టాను. నేను నేలమీద కూర్చుని తోక చివర కళ్ళు పెట్టాను. ముందు రిమోటు కర్ర ఎడమకి నొక్కాను. రెక్కలు వంగాయి. ఏ వైపు వంగాయో సుద్దతో గోడమీద గీశాను. తర్వాత కర్ర వదిలేసి, నువ్వు ముక్కు ఎడమకి తిప్పు అన్నాను. ఆవిడ తిరిగింది. రెక్కలు మళ్ళీ అదే వైపు వంగాయి. సుద్ద గీత లాగే.

నువ్వేం రాశావు. ముక్కు ఎడమకి పోతుంటే కుడికి లాగాలి అని. ఇది ఎడమకి పోతుంటే ఎడమకే తోస్తోంది. కాపలావాడు నిద్రపోవడం లేదు. దొంగకి గోడ దూకడానికి నిచ్చెన పట్టుకుంటున్నాడు. జోరు పెంచితే ఇంకా హుషారుగా పట్టుకుంటున్నాడు.

ఎందుకు అలా చేస్తోందో తెలియలేదు. స్విచ్ సరిగ్గా ఉందన్నావు, తాకలేదు. నువ్వు పెట్టింది తప్పయ్యేది కాదు. మరి నేను పెట్టిందేమిటి అని ఆలోచించాను.

సరిగ్గా అప్పుడే మీ అక్క దిండు గలీబు పట్టుకొచ్చింది, పక్క ఊడింది కుట్టమని. అలవాటుగా తిరగేశాను. మంచివైపు లోపలికి, చెడ్డవైపు బయటికి. అలా కుడితేనే కదా కుట్టు లోపలికి పోయేది. చేతిలో గలీబు అలాగే ఉండిపోయింది.

రేడియో, నేను ఆ డబ్బీని తిరగేసి అంటించాను.

దానిమీద అక్షరాలు, నున్నటి మొహం ఉన్నాయి. దుమ్ము పడకూడదని, గీరుకుపోకూడదని మంచివైపు లోపలికి పెట్టాను. నలభై ఏళ్ళు ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు చేసేది అదే. చేస్తున్నానని కూడా తెలియలేదు. శుభ్రంగా అంటించాను అని నీకు రాశాను. నిజంగానే శుభ్రంగా అంటించాను, తలకిందులుగా.

తలకిందులుగా ఉన్నవాడికి మన ఎడమ కుడి అవుతుంది. వాడి తప్పేం లేదు. వాడి పని వాడు సరిగ్గానే చేస్తున్నాడు.

కత్తితో పట్టీ కోసి పైకి తీశాను. డబ్బీ కింద, చీకట్లో, ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. నెలరోజులుగా వెలుగుతూనే ఉంది, పాపం. మీ అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

తిరగేసి అంటించాను. అంటే ఇప్పుడు సరిగ్గా. ముక్కు ఎడమకి తిప్పితే రెక్కలు గీతకి ఎదురు వంగాయి. పదిసార్లు చూశాం. పదకొండోసారి మీ అక్కకి కళ్ళు తిరిగాయి.

ఏడున సైకిల్ షాపాయన వచ్చేలోపు జోరు ఎక్కడ పెట్టాలో రాయి. కింద మీ అక్క ఏదో రాస్తానంటోంది.

బావ

ఒరే తమ్ముడూ, గది అద్దెకిస్తున్నామా? నీ బుద్ధికి పలక కాదు, బండరాయి కట్టాలి మెడకి. నీ మంచం నిలబెట్టింది ఆ యంత్రానికి చోటు కోసం, ఇప్పుడు దాన్ని పట్టుకుని నేను గుండ్రంగా తిరుగుతున్నా. ఇంత వయసొచ్చి మీ బావ నన్ను గిరగిరా తిప్పుతున్నాడు, పెళ్ళైన కొత్తలో కూడా ఎరగను. మీ బావ రాయడు కానీ నేను రాస్తున్నా, ఆయనకి ఆ హెలికాప్టర్ కాదురా కావలసింది. నాలుగు నెలలుగా పొద్దున టీ రెండు గ్లాసులు పట్టుకుని వెనక గది దాకా వెళ్ళి, గుర్తొచ్చి తిరిగొస్తున్నాడు. రెండోది కుండీలో పోస్తున్నాడు. మొక్క చచ్చింది. సంతకం పెట్టావో, నేనే వస్తాను అక్కడికి.

*

ఏప్రిల్ 4

తిరగేసిన బావగారికీ, తిరిగిన అక్కకీ,

దొంగకి నిచ్చెన పట్టుకున్నాడు అన్నచోట నవ్వు మొదలైంది. గలీబు దగ్గరికి వచ్చేసరికి పొట్ట పట్టుకున్నాను. శుభ్రంగా తలకిందులుగా అన్నావు చూడు, అక్కడ నా గొంతులోంచి చప్పుడు వచ్చింది బావా. నూనె లేని తలుపు తీసినట్టు. నేనే భయపడి అటూ ఇటూ చూశాను. డ్రైవరుగారు లేచి కూర్చున్నాడు. నర్సమ్మ మెట్లమీద నుంచి పరిగెత్తుకొచ్చి, ఎవరు, ఎవరు అంది. ఆరుగురమూ పలకలు ఎత్తాం.

ఇది ఏడో తారీఖు పొద్దుటికి మీకు అందాలని మనిషిని పంపి స్పీడు పోస్టులో వేయిస్తున్నాను. తప్పులో నాకూ భాగం ఉంది. స్విచ్ తాకకు అన్నాను, దీపం చూడు అన్నాను, డబ్బీ ఎటు మొహం పెట్టి ఉందని ఒక్కసారి అడగలేదు. ఇన్ని మాటలు రాసినవాణ్ణి ఆ ఒక్కటీ రాయలేదు.

జోరు ఆరు దగ్గర మొదలుపెట్టు. ఇప్పుడు తిరగదు కానీ వణుకుతుంది. కుక్క తోకాడించినట్టు గబగబా ఆడిస్తే జోరు ఎక్కువని అర్థం. దించి, సగం గీత తగ్గించి, మళ్ళీ లేపు. బద్ధకంగా ఒకవైపు జారిపోతుంటే తక్కువని అర్థం. మధ్యలో ఎక్కడో ఒక చోటుంది. నీ చేతికి తెలుస్తుంది, సూది గుడ్డలోకి దిగినప్పుడు తెలిసినట్టు.

సంతకం పెట్టలేదు. పందెం పందెమే. ఒక నిమిషం.

అక్కా, ఆ కుండీ పారెయ్యకు.

రేడియో

*

ఏప్రిల్ 7

రేడియోకి,

నీ ఉత్తరం పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. తొమ్మిదికి సైకిల్ షాపాయన వచ్చాడు. అట్టపెట్టె, మరలు విప్పే సామాను తెచ్చుకున్నాడు. మంచివాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“విప్పనాండీ” అన్నాడు.

“ఒక్కసారి లేపుతాను. తర్వాత మీ ఇష్టం” అన్నాను.

“లేస్తుందంటారా? పోయిందని రాశారు ఆయన.”

“పోలేదు. బోర్లా పడుకుంది” అంది మీ అక్క.

ముగ్గురం మైదానానికి వెళ్ళాం. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు అయిదారుగురు గోడమీద కూర్చుని ఉన్నారు. వాళ్ళని చూసి ఆగిపోయాను. నీకు తెలుసు కదా, కొట్లో కొలతలు తీసుకునేటప్పుడు కూడా నేను తలెత్తేవాణ్ణి కాదు. వెనక్కి పోదాం అన్నాను. మీ అక్క వాచీ చేతిలో పట్టుకుని, “పద, వాళ్ళని చొక్కాలనుకో” అంది.

మొదటిసారి లేపాను. తిరగలేదు. రేడియో, తిరగలేదు. కానీ నువ్వు రాసినట్టే తోక గబగబా ఆడించింది. గోడమీద ఒకడు, “తాతా, బిస్కెట్ వెయ్యి, ఊరుకుంటుంది” అన్నాడు. అందరూ నవ్వారు. దించాను. సగం గీత తగ్గించాను.

రెండోసారి సన్నగా వణికింది. చలేసినట్టు. దించాను. ఇంకో సగం తగ్గించాను. సైకిల్ షాపాయన అట్టపెట్టె కింద పెట్టి నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

మూడోసారి లేపాను. మోకాలెత్తు. నడుమెత్తు. అక్కడ ఆపాను.

నిలబడింది.

ముక్కు ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు ఉంది. అటే ఉంది. గాలి వచ్చి తోకని నెట్టింది. బుల్లి రెక్కలు చిన్నగా పని చేశాయి. ముక్కు కదల్లేదు. నేను రెప్ప వెయ్యలేదు. వేళ్ళు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. తర్వాత గోడమీదనుంచి అదే కుర్రకుంక, ఈసారి మెల్లిగా, “కదలదేంటి? గాల్లో మేకు కొట్టాడా?” అన్నాడు.

జీవితంలో నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే తలొంచుకునేవాణ్ణి. ఇవాళ వంచుకోలేదు. వంచుకుంటే అది పడిపోతుంది.

బ్యాటరీ తగ్గుతున్న చప్పుడు వచ్చింది. మెల్లిగా దించాను. గడ్డిమీద దిగింది.

“ఎంతైంది?” అని అడిగాను.

మీ అక్క చేతిలో వాచీ వైపు చూసింది. అప్పుడే మొదటిసారి చూసింది.

“నేను దాన్ని చూస్తున్నా. వాచీ ఎవరు చూస్తారు?” అంది.

సైకిల్ షాపాయనని అడిగాను. తనూ చూడలేదన్నాడు. గోడమీదవాళ్ళని అడిగించాను. ఒకడు రెండు నిమిషాలన్నాడు. ఒకడు అరనిమిషం అన్నాడు. ఇద్దరూ పోట్లాడుకున్నారు.

అందుకని నిమిషం అయిందని నేను రాయలేను. అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. నాకు చాలాసేపు అనిపించింది. కానీ పందెం పందెమే అన్నావు. అబద్ధం రాయను.

సైకిల్ షాపాయన సామాను మూట కట్టేసుకున్నాడు. నీ జవాబు వచ్చేదాకా ఆగుతానన్నాడు. ఖాళీ అట్టపెట్టె పట్టుకుని నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, “ఎలాగైనా విప్పడానికి మాత్రం నా చేతులు రావండీ. వేరే ఎవరికైనా చెప్పమనండి” అన్నాడు.

నువ్వెలా చెబితే అలా.

బావ

*

ఏప్రిల్ 11

బావా,

పందెం ఓడిపోయావు. సాక్షులు ఎనిమిదిమంది, లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు. ఇలాంటి నిమిషం చెల్లదు. డ్రైవరుగారిని కూడా అడిగాను, ఆయనా చెల్లదనే తల ఊపాడు. కాబట్టి పందెం మళ్ళీ మొదటినుంచి. ఈసారి లెక్క నేనే చూస్తాను. మీ ఇద్దర్నీ నమ్మను.

మేడమీద గది కాగితాలు డ్రైవరుగారికి ఇచ్చేశాను. వెనకవైపు ఖాళీగా ఉంది, ఉత్తరం రాసుకోవడానికి పనికొస్తుందని పలకమీద రాశాడు. ఎవరికని అడిగితే మీ బావగారికి అని రాశాడు. జవాబివ్వాలి మరి.

సైకిల్ షాపాయనకి వేరే రాశాను. విప్పడం వద్దు, మైదానానికి మాత్రం రమ్మన్నాను.

ఇక్కడ గొంతు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడ వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. నేను నవ్వానని నర్సమ్మ చెప్పినప్పటినుంచి వదలడం లేదు. సెకనుకి ఒకటి చొప్పున అంకెలు పైకి చెప్పమంటుంది. మొదటిరోజు ఏడు దాకా వచ్చి ఆగిపోయింది. నీ ఉత్తరం వచ్చిన రోజు ఇరవై రెండు. ఈ పొద్దున ముప్పై ఎనిమిది. వినడానికి ఏం బాగుండదు, ముందే చెబుతున్నాను, కప్పకి పడిశం పట్టినట్టుంటుంది. ఆ తర్వాత ఉత్త గాలే.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం బండి దిగుతాను. స్టేషనుకి రండి, పలక తేవడం లేదు. మర్నాడు పొద్దున మైదానానికి వెళ్దాం. గోడమీద ఎంతమంది కూర్చున్నా సరే. నువ్వు లేపు, నేను నీ పక్కన నిలబడి లెక్కపెడతాను, పైకే, అందరికీ వినబడేట్టు. ముప్పై ఎనిమిది దగ్గర నా గొంతు ఆగిపోతే అయిపోయిందనుకుని దించెయ్యకు బావా. అలాగే పట్టుకుని ఉండు. ఊపిరి పీల్చుకుని ముప్పై తొమ్మిది అంటాను.

రేడియో